తండ్రి పేరుకు మూడక్షరాలు

నవంబర్ 1, శుక్రవారం

ఇవాళ్టికి ఉద్యోగంలో రెండు నెలలు నిండాయి. ప్రొబేషన్ ఇంకా నాలుగు వారాలు. ఇరవై తొమ్మిదో తారీఖున ప్రొకోపిస్ సార్ కాగితం మీద సంతకం పెడితే నేను లెస్వోస్ దీవి ఆలివ్ గానుగల సహకార సంఘంలో పర్మనెంటు జూనియర్ డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌ని. పెట్టకపోతే మా మేనత్త పూలకొట్లో పెళ్ళి గుత్తులు కట్టుకుంటూ కూర్చోవాలి. మేనత్త ఇప్పటికే నాకొక ఆప్రాన్ కొని పెట్టిందట. ఆవిడకి నా మీద ఉన్న నమ్మకం అలాంటిది.

అమ్మ మాత్రం వీధిలో అందరికీ గొప్పగా చెబుతోంది: "మా మిర్సినీ కంప్యూటర్లో ఆలివ్ కాయలు పెడుతుంది." దిద్దడం మానేశాను.

పొద్దున్నే బ్యాకప్ డిస్కులు చూశాను. మధ్యాహ్నం పాలియోమిలో అనే ఊరి గానుగ నుంచి ఉరానియా పిన్ని ఫోన్. అక్కడ కాటా దగ్గర కూర్చునేది ఆవిడే. వారానికి రెండుసార్లు పాస్‌వర్డ్ మర్చిపోతుంది.

"కొత్తది ఏం పెట్టనే?" అంది.

"మీ ఆయన పేరు పెట్టుకో పిన్నీ, మర్చిపోవు."

"ఆయన్ని మర్చిపోదామనే కదే గానుగకొస్తున్నాను!"

చివరికి మేక పేరు పెట్టుకుంది.

నవంబర్ 4, సోమవారం

ఇవాళ నాకు మొదటి పెద్ద పని ఇచ్చారు. సభ్యుల పట్టికలో ఒకే మనిషి రెండుసార్లు ఉన్న చోట్ల ఇద్దర్నీ కలిపి ఒకణ్ణి చేయాలి. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. 1989లో ఈ డేటాబేస్ రాసింది ప్రొకోపిస్ సారే. ఇప్పటికీ దాన్ని కన్నకూతురిలా చూసుకుంటారు. సర్వర్ గదిలోకి మూడు స్వెట్టర్లు వేసుకుని వెళ్తారు, బయటికొచ్చి చల్లారిన కాఫీ తాగుతారు, "నా డేటాలో ఖాళీ గడి ఉండదు అమ్మాయ్" అంటారు. రోజుకు ఒకసారైనా అంటారు.

నిజమే, ఖాళీ ఉండదు. కానీ 1989లో డిస్కులో చోటు కరువు కాబట్టి తండ్రి పేరు గడికి మూడక్షరాలే ఇచ్చారు. మిగతా పేరంతా తండ్రి దగ్గరే ఉండిపోయింది.

నేను ప్రోగ్రాం రాశాను. పేరు, ఇంటిపేరు, ఊరు, పుట్టిన సంవత్సరం, తండ్రి పేరులో మూడక్షరాలు. అయిదూ కలిస్తే ఒకే మనిషి. రెండు వందల పదకొండు జంటలు దొరికాయి. ఒక్క మీట నొక్కి అందరికీ ఒకే ముహూర్తంలో పెళ్ళి చేసేశాను.

"అన్నీ చూశావా?" అన్నారు సార్.

"చూశాను సార్."

చూశాను అంటే మొదటి ఇరవై చూశాను. మిగతావీ వాటిలాగే ఉంటాయి. ఎందుకుండవు?

నవంబర్ 5, మంగళవారం

పని లేదు. హాయిగా ఉంది.

నవంబర్ 12, మంగళవారం

నా కంప్యూటర్ శుభ్రం చేసుకున్నాను. కలపక ముందు పట్టికని తీసిపెట్టుకున్న కాపీ ఒకటి ఉంది, దానికి "ముందు" అని పేరు పెట్టుకున్నాను. వారం దాటింది, ఎవరూ కిక్కురుమనలేదు. తీసేశాను. పద్ధతిగా ఉండాలి కదా.

సార్ చూసి మెచ్చుకున్నారు. నీ డెస్క్‌టాప్ మీద ఇప్పుడు సముద్రం బొమ్మ కనిపిస్తోంది అన్నారు.

నవంబర్ 15, శుక్రవారం

కొంప మునిగింది.

పాలియోమిలో గానుగ నిన్ననే తెరిచారు. ఇవాళ తొమ్మిదిన్నరకి ఉరానియా పిన్ని ఫోన్. పాస్‌వర్డ్ అనుకుని నవ్వుతూ ఎత్తాను.

"అమ్మాయ్, ఇక్కడ నత్త వచ్చి తొమ్మిది బస్తాలు దింపాడు. చీటీ కొడదామంటే ఆ నంబరు సభ్యుడే లేడంటోంది నీ మిషను."

"నత్త ఏంటి పిన్నీ?"

"ఇగ్నాటిస్ కరమానెల్లిసే. నత్త అంటే ఈ ఊళ్ళో తెలీనోళ్ళెవరు?"

వెతికాను. ఉన్నాడు. "ఉన్నాడుగా పిన్నీ! ఇగ్నాటిస్ కరమానెల్లిస్, పుట్టింది 1951."

"వాడు మేకు!"

"మేకేమిటి?"

"ఇంకో ఇగ్నాటిస్ కరమానెల్లిసే తల్లీ! నత్తకి పెదనాన్న కొడుకు. వాడూ ఇక్కడే ఉన్నాడు, గానుగ కప్పు లేచిపోయేలా అరుస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా పొద్దుటి వంతు వాడిది, ఇవాళ సాయంత్రం వంతు పడిందంట!"

ఆమ్లం ఎంత తక్కువైతే నూనె అంత మంచిది. అది తక్కువ ఉన్నవాళ్ళకి పొద్దున్నే, మిల్లు కడిగిన వెంటనే వంతు వస్తుంది. ఎక్కువ ఉన్నవాళ్ళు సాయంత్రం. ఎవరి వంతు ఎప్పుడో పాత చీటీల సగటు చూసి నా డేటాబేసే చెబుతుంది. మేకు నూనె ఎప్పుడూ 0.4 దాటదట. నత్త కాయలు కోసి బస్తాల్లో కట్టి తీరిగ్గా తెస్తాడు, ఆయనది ఒకటిన్నర. ఇద్దర్నీ కలిపేసరికి మేకు సాయంత్రానికి జారిపోయాడు, నత్త పూర్తిగా లేకుండా పోయాడు.

తండ్రుల పేర్లు అడిగాను.

"మేకు నాన్న నికొలాస్. నత్త నాన్న నికిఫోరస్. అన్నదమ్ములు. ఇద్దరూ కొడుక్కి వాళ్ళ నాన్న పేరే పెట్టుకున్నారు, మూడు వారాల తేడాలో."

గ్రీకులో రాస్తే ను, యోటా, కాప్పా. మూడక్షరాలు ఒకటే.

నన్ను నేను తిట్టుకోవడానికి మాటలు చాలడం లేదు. ఈ దీవిలో ప్రతి ఇంట్లోనూ మనవళ్ళందరికీ తాత పేరే పెడతారని నాకు తెలియదా? మా పెదనాన్న కూతురి పేరు మిర్సినీయే, ఇంటిపేరూ ఒకటే, ఇద్దరికీ నాయనమ్మ పేరు. పోయిన ఏడు దంతాల డాక్టరు దాని చీటీ చూసి నా మంచి పన్ను పీకబోయాడు. అలాంటి నేనే పప్పులో కాలేశాను.

బస్తాల్లో కాయలు వేడెక్కితే పాడవుతాయి కాబట్టి నత్తకి అప్పటికప్పుడు కొత్త నంబరు ఇచ్చి తూయించాను. మేకుకి పొద్దుటి వంతు రాసి పెట్టమన్నాను. ఇక ముప్ఫై ఏళ్ళ పాత చీటీలు మూడు వందల పన్నెండు. అన్నీ ఒకే నంబరు కింద కుప్పపడి ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియదు.

బ్యాకప్ ఉంది కదా అని ఎగిరి గంతేశాను. సార్‌కి ఏడు డిస్కులు, వారానికి ఏడు రోజుల పేర్లు. సోమవారం డిస్కు మీద మళ్ళీ సోమవారం రాస్తారు. నేను కలిపింది నాలుగో తారీఖున. ఇవాళ పదిహేను. ఏడు డిస్కుల్లోనూ ఒకే ఇగ్నాటిస్.

నా కాపీ "ముందు" ఏమైందో ఇక్కడ మళ్ళీ రాయను.

సార్‌కి సోమవారం చెబుతాను.

నవంబర్ 18, సోమవారం

చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు, ఎందుకంటే దార్లోనే ఉపాయం తట్టింది. ఆమ్లం తక్కువ ఉన్న చీటీలన్నీ మేకువి, ఎక్కువ ఉన్నవన్నీ నత్తవి. నాలుగు లైన్ల ప్రోగ్రాం. మేకుకి నూట డెబ్బై ఒకటి, నత్తకి నూట నలభై ఒకటి. ముచ్చటగా విడిపోయాయి.

దీన్ని దాచడం అనరు. జరగని తప్పు గురించి చెప్పి సార్‌ని ఎందుకు కంగారు పెట్టడం? మిగతా రెండు వందల పది జంటల్నీ గానుగలకు ఫోన్ చేసి ఒక్కొక్కటీ అడిగాను. అవన్నీ నిజంగా ఒకే మనుషులు. అంటే నేను దాదాపు తప్పు చేయలేదన్నమాట.

అన్నం సరిగ్గా తినడం లేదని అమ్మ అంటోంది. తింటున్నాను.

నవంబర్ 19, మంగళవారం

ఈ రోజు నా జీవితంలోంచి తీసేయడానికి ప్రోగ్రాం ఏదైనా ఉంటే బాగుండును.

పదింటికి అమ్మ ఆఫీసుకొచ్చింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కేకు. గదిలో అందరికీ చూడగానే తెలిసిపోయింది అది ఏ కేకో. తొమ్మిది దినుసులు, గుడ్డు లేదు, వెన్న లేదు, పైన నువ్వులు. సెయింట్ ఫనూరియోస్ కేకు. ఏదైనా పోగొట్టుకున్నవాళ్ళు చేసి పంచితే ఆయన వెతికి చూపిస్తాడు.

"మా పిల్ల ఏదో పోగొట్టుకుంది. నాలుగు రోజుల్నుంచి ఆ మొహమేసుకుని తిరుగుతోంది, అడిగితే చెప్పదు," అంది అమ్మ, గదిలో ఉన్న తొమ్మిది మందికీ వినిపించేలా. "తలా ముక్క తినండి. ఆయనే చూపిస్తాడు."

అని వెళ్ళిపోయింది. బస్సు టైమైందట.

కేకు తిన్నవాళ్ళు ఏం పోయిందని అడగాలి. అది ఆనవాయితీ. అందరూ అడిగారు. సభ్యత్వాల విభాగం అస్పాసియా గారు నోటి నిండా పెట్టుకునే అడిగారు. ప్రొకోపిస్ సార్ రెండో ముక్క తీసుకుంటూ, "ఏం పోయింది అమ్మాయ్?" అన్నారు.

"చెవిపోగు సార్" అన్నాను.

మనవాళ్ళకి వేరే పని ఉంటుందా? తొమ్మిది మందీ నేల మీదికి దిగారు. యాభై ఎనిమిదేళ్ళ సార్, మూడు స్వెట్టర్లతో, టార్చిలైటు పట్టుకుని, సర్వర్ బల్ల కింద మోకాళ్ళ మీద పాకారు. పావుగంట తర్వాత దుమ్ము కొట్టుకుపోయిన తలతో బయటికొచ్చారు, చేతిలో చెవిపోగు!

"ఇదేనా?"

"కాదు సార్," అన్నాను.

అస్పాసియా గారు కెవ్వుమన్నారు. ఎనిమిదేళ్ళ క్రితం పోయిందట. దాని జంటని ఆ బాధతో తమ్ముడి కూతురికి ఇచ్చేశారట. సెయింట్ ఫనూరియోస్ పని చేస్తాడు. అడిగినవాళ్ళ పని ముందు చేయడు, అంతే.

సార్ నా దగ్గరికొచ్చి, "నీది కూడా దొరుకుతుందిలే. రేపు మళ్ళీ చూద్దాం" అన్నారు. నిజంగా భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

నవంబర్ 20, బుధవారం

సార్ మళ్ళీ వెతికారు.

నవంబర్ 21, గురువారం

నత్త వచ్చాడు.

చిన్న మనిషి. టోపీ రెండు చేతులతో పట్టుకుని, మొదటి బస్సుకి బయల్దేరి, పదకొండున్నరకి నా బల్ల ముందుకు చేరాడు. ఆ బస్సు తొమ్మిదికే వస్తుంది, బస్టాండు మా ఆఫీసు వీధి మలుపులోనే ఉంది. ఉరానియా పిన్ని చేత తన పాత చీటీలన్నీ అచ్చు వేయించుకుని తెచ్చాడు.

"నువ్వేనా అమ్మా మిషను చూసేది? ఇందులో నా మంచి చలికాలాలు లేవు."

"మీ ఆమ్లం ఎప్పుడూ ఎక్కువే కదా తాతా?" అన్నాను.

"తాత ఎవరే? అరవై ఎనిమిదే నాకు." కోపం రాలేదు, సరిదిద్దాడంతే. "ఇప్పుడు ఎక్కువే. మా ఎఫ్తాలియా ఉన్నప్పుడు కాదు. కాయ కొయ్యగానే బస్తా కట్టి, పద పద అని నా వెనకాల పడేది. తెల్లారేసరికి గానుగ దగ్గరుండేవాళ్ళం. పద్నాలుగేళ్ళు నా నూనె పాయింట్ మూడు, పాయింట్ నాలుగు. ఆ చీటీలన్నీ ఏవమ్మా? ఆమె పోయాక నేను తెచ్చిన పుల్ల నూనె ఒక్కటే మిగిల్చారు నాకు."

నా నాలుగు లైన్ల ప్రోగ్రాం ఆ మనిషి పెళ్ళాం చేతి కష్టాన్ని తీసుకెళ్ళి మేకుకి ఇచ్చేసింది. సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు.

వెనక్కి తిరిగితే ప్రొకోపిస్ సార్ నిలబడి ఉన్నారు, చల్లారిన కాఫీతో.

అన్నీ చెప్పేశాను. కలిపేయడం, ఇరవయ్యే చూడడం, "ముందు"ని తుడిచేయడం, విడగొట్టడం. ఆఖర్న చెవిపోగు.

సార్ ఒకసారి నా తెర వైపు చూశారు. తర్వాత, "కలిపింది ఎప్పుడు?"

"నాలుగున సార్."

"తెలిసింది?"

"పదిహేనున."

"అంటే తెలిసిన తర్వాతే నేను నేల మీద పాకాను."

"అవును సార్."

"రెండు రోజులు."

"అవును సార్."

కాఫీ అక్కడ పెట్టేశారు. "మూడక్షరాలు ఇచ్చింది నేను. ఆ తప్పు నాది. ఇవాళే ఆ గడి పెద్దది చేస్తాను. దాచింది మాత్రం నువ్వు." నత్త వైపు తిరిగి కుర్చీ చూపించారు. మళ్ళీ నాతో, "ఆ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టు. మూడు వందల పన్నెండు చీటీలూ ఒక్కొక్కటే చదివి, ఎవరిదో వాళ్ళ నోటితోనే చెప్పించు. ఇరవై తొమ్మిది లోపల అన్నిటికీ యజమాని తేలితే నీ కాగితం మీద సంతకం పెడతాను. ఒక్కటి ఖాళీగా ఉన్నా పెట్టను."

"వాడితో కూర్చోవాలా?" అన్నాడు నత్త. "ముప్ఫై ఒక్క ఏళ్ళయింది వాడితో మాట్లాడి."

నవంబర్ 22, శుక్రవారం

మేకు ఫోన్లో: "వాడున్న గదిలో నేను కాలు పెట్టను."

నవంబర్ 25, సోమవారం

నత్త: "వాడు ముందొచ్చి కూర్చుంటే వస్తా."

మేకు: "వాడు ముందొచ్చి కూర్చుంటే వస్తా."

ఇంటిపేరే కాదు, తలపొగరు కూడా ఒకే తాతదే.

గొడవ ఎందుకొచ్చిందని ఉరానియా పిన్నిని అడిగాను. రెండిళ్ళ మధ్య గోడ మీదికి వాలిన మల్బరీ చెట్టట. చెట్టు ఎప్పుడో ఎండిపోయిందట.

నవంబర్ 27, బుధవారం

ఉరానియా పిన్ని ఏర్పాటు చేసింది. రేపు పొద్దున్న తొమ్మిదింటికి. ఇద్దరికీ ఏం చెప్పావు పిన్నీ అంటే, "ఇద్దరికీ అవతలోడు ముందే వచ్చి కూర్చున్నాడని చెబుతా" అంది.

మేనత్త ఆప్రాన్ పంపించింది. పచ్చ రంగు. అమ్మ దాన్ని తలుపు వెనక మేకుకి తగిలించింది. మేకు అనే మాట రాయగానే రేపటి సంగతి గుర్తొచ్చింది.

నవంబర్ 28, గురువారం

వరసగా రాస్తాను, లేకపోతే ఏదైనా వదిలేస్తాను.

గానుగ పక్కన చిన్న గది, మధ్యలో కుంపటి. మేకు కిటికీ పక్కన, నత్త తలుపు పక్కన. మధ్యలో నేను, ల్యాప్‌టాప్. మేకు పొడుగ్గా, నిటారుగా ఉన్నాడు, ఎవరో గోడకి కొట్టినట్టే. ఇద్దరి మధ్య నాలుగడుగులు కూడా లేవు. అయినా ప్రతి మాటా నా మీదుగా వెళ్ళాల్సిందే.

"1989 డిసెంబర్ 6. ఆరు బస్తాలు. ఆమ్లం 0.3," అని చదివాను.

"నాది," అన్నాడు మేకు.

"అతనికి చెప్పమ్మా, ఆ రోజు అతని గాడిద కుంటిది, ఊరు దాటలేదని. అది నాది."

"అతనికి చెప్పమ్మా, కుంటింది ఏడో తారీఖున అని."

"ఆరున," అంది ఉరానియా పిన్ని గుమ్మంలోంచి, కాఫీ కలుపుతూ. "ఆరున మా అక్క పెళ్ళిచూపులు. గాడిద మా గుమ్మం ముందే కూలబడింది, పెళ్ళికొడుకు లోపలికి రావడానికి దారి లేదు."

నత్తకి రాశాను.

ఇలా మొదలైంది. వీళ్ళకి నా డేటాబేసు అక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళలో ఏ రోజు ఎన్ని బస్తాలు తెచ్చారో, వాన పడిందో లేదో, గానుగలో ఎవరు ముందున్నారో అంతా నోటికి తెలుసు. ఎదుటివాడివి ఇంకా బాగా తెలుసు. మాట్లాడుకోకపోయినా ఒకణ్ణొకడు ఇంతగా గమనించిన మనుషుల్ని నేను చూడలేదు. మంచి నూనెకి ఇద్దరూ నాదంటే నాదన్నారు, చెడ్డ నూనెకి అతనిదంటే అతనిదన్నారు. 1996లో ఒక 2.1 ఉంది. దాన్ని ఇద్దరూ ఎలకని తోలినట్టు తోలారు. చివరికి మేకే ఒప్పుకున్నాడు, ఆ వారం జ్వరమని. ఒప్పుకుని పది నిమిషాలు కిటికీలోంచి బయటికి చూశాడు.

పన్నెండున్నరకి 2003 చలికాలం వచ్చింది. పన్నెండు చీటీలు.

మేకు అయిదు తనవన్నాడు. రాశాను. మిగతా ఏడూ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. అన్నీ 0.3. అన్నీ పొద్దున్నే, మొదటి వంతు.

"ఇవి మీవన్నమాట," అన్నాను నత్తతో. సంతోషంగానే అన్నాను. ఏడు మంచి చీటీలు.

"కాదమ్మా," అన్నాడు. "ఆ సంవత్సరం నేను ఊళ్ళో లేను. ఎఫ్తాలియాని అథెన్స్ ఆస్పత్రిలో చేర్చాం. నవంబర్‌లో వెళ్ళాం. మార్చిలో నేనొక్కణ్ణే వచ్చాను. నావి ఉండవు. అతనివే అయ్యుంటాయి."

"నావి అయిదే," అన్నాడు మేకు. "తర్వాతది చదువమ్మా."

"ఇవి తేలకుండా ఎలా బాబాయ్? ఇగ్నాటిస్ కరమానెల్లిస్ అనే ఉంది. ఎవరో ఒకరు తెచ్చారు కదా!"

"చెప్పాను కదా, తర్వాతది చదువు."

నత్త టోపీ తిప్పుతూ, నెమ్మదిగా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు: "నేను వచ్చేసరికి నేలమాళిగలో డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. మూతలు కూడా తుడిచి. మా బావమరిది కోయించాడనుకున్నా. అడిగితే నవ్వి ఊరుకునేవాడు. వాడూ పోయాడు."

"నీ బావమరిదికి నిచ్చెన ఎక్కితే కళ్ళు తిరుగుతాయి," అన్నాడు మేకు. "ఊరంతటికీ తెలుసు. నీకొక్కడికే తెలీదు."

అతనికి చెప్పమ్మా అనలేదు. నేరుగా అన్నాడు.

ఉరానియా పిన్ని కాఫీ కలపడం ఆపేసింది. ఆ ఏడు చీటీలు కొట్టింది ఆవిడే కదా. పదహారేళ్ళు ఎలా బిగబట్టుకుందో!

"నువ్వా?" అన్నాడు నత్త.

"నీ కోసం కాదు. పొంగిపోకు." మేకు కిటికీ వైపే చూస్తున్నాడు. "మనం మాట్లాడుకోకపోయినా ఆ పిల్ల ఏ పండక్కీ మానలేదు. గోడ మీంచి గిన్నె అందించేది. ఖాళీ గిన్నె గోడ మీద పెడితే మళ్ళీ నింపేది. బాగయి ఇంటికొచ్చేసరికి ఇంట్లో నూనె ఉండాలి కదా అనుకున్నా." కిటికీ రెక్క మూసి, "రాలేదు," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. 0.3 అని ఉన్న గడి చూసి ఏడ్చిన డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌ని ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. నా ప్రోగ్రాం ఆ ఏడింటినీ మేకుకే ఇచ్చింది. ఒక రకంగా అది అబద్ధం చెప్పలేదు.

నత్త నా వైపు తిరిగాడు. "రాయమ్మా. ఆ ఏడూ వాడివి."

"ఎలా అవుతాయి?" మేకు లేచి నిలబడ్డాడు. "చెట్లు నీవి. కాయ నీది."

"కోసింది నువ్వు."

"నూనె తిన్నది నువ్వు!"

"వాడివి రాయమ్మా!"

"వాడివే రాయి! నేను తీసుకోను!"

పొద్దుట్నుంచి నాదంటే నాదని కొట్టుకున్నవాళ్ళు ఇప్పుడు నీదంటే నీదని కొట్టుకుంటున్నారు, గొంతులు మాత్రం అంతే పెద్దవి. రెండింటిదాకా అదే. మిగతా చలికాలాలన్నీ మూడున్నరకల్లా అయిపోయాయి, ఎవరూ పెద్దగా వాదించలేదు. మూడు వందల అయిదు తేలాయి. ఏడు ఖాళీ.

బయల్దేరేముందు చెప్పాను, ఏడు ఖాళీగా ఉంటే నా ఉద్యోగం పోతుందని. బతిమాలడానికి కాదు. సరే, బతిమాలడానికే.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎఫ్తాలియా పేరున రాయి," అన్నాడు మేకు.

నత్త తలూపాడు. అప్పుడు చేతిలో టోపీ పక్కన పెట్టాడు.

"ఆమె సభ్యురాలు కాదు కదా బాబాయ్!"

"అయితే చేర్పించు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నవంబర్ 29, శుక్రవారం

పొద్దున్నే సార్‌కి అంతా చెప్పాను. ఏడు చీటీలకి యజమాని దొరికింది గానీ, ఆవిడ సంఘంలోనూ లేదు, లోకంలోనూ లేదు సార్ అన్నాను. సార్ స్వెట్టర్ కొస పట్టుకుని కళ్ళజోడు తుడిచారు. మళ్ళీ తుడిచారు.

"సభ్యులు కానివాళ్ళ పేరున చీటీ ఉండకూడదు," అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని లేచారు. "పద, చేర్పిద్దాం."

పది గంటలకి మేకు, నత్త ఇద్దరూ మేకు బండిలో దిగారు. కొత్త సభ్యులకి పాత సభ్యులు ఇద్దరు సిఫార్సు చేయాలి కాబట్టి సార్ పిలిపించారు. బండిలో దారంతా మల్బరీ చెట్టు గురించి పోట్లాడుకున్నారట. ఎవరి వైపు వాలిందో ఇంకా తేలలేదట. ఇద్దరి మొహాల్లోనూ ఎర్రటి హుషారు.

ఇద్దరూ కింద సంతకాలు పెట్టిన ఫారం పట్టుకుని నలుగురం అస్పాసియా గారి బల్ల ముందు నిలబడ్డాం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఫారం చదవడం మొదలుపెట్టారు.

"పేరు ఎఫ్తాలియా. ఊరు పాలియోమిలో. బాగుంది. ఇక్కడ ఆవిడ సంతకం పెట్టాలి. ఆవిడేరీ?"

"రాలేదు," అన్నారు సార్.

"ఎప్పుడొస్తుంది?"

నత్త టోపీ తీశాడు. అస్పాసియా గారు కళ్ళజోడు మీంచి మమ్మల్ని చూశారు. నత్తని ఇంకాసేపు చూశారు.

"ఆ గడి ఖాళీగా వదిలెయ్యి అస్పాసియా," అన్నారు ప్రొకోపిస్ సార్.

ఖాళీ! ఆయన నోట! నేను కుర్చీ పట్టుకున్నాను.

అస్పాసియా గారు ఏమనుకున్నారో, వదిలేశారు. కింది భాగం చూసి మళ్ళీ ఆగారు. "ఇదేంటి? సిఫార్సు ఇద్దరు చేయాలి. ఇక్కడ ఒకడే రెండుసార్లు పెట్టాడు. ఇగ్నాటిస్ కరమానెల్లిస్, ఇగ్నాటిస్ కరమానెల్లిస్. ఇది చెల్లదు."

"ఒకరు కాదండీ, ఇద్దరు," అన్నాను నేను. "నన్నడగండి. నాకు తెలుసుకోవడానికి మూడున్నర వారాలు పట్టింది."

"పేరంటే ఒకటే అయ్యుండొచ్చు. సంతకం కూడా ఒకటేనా? చూడు, ఇంటిపేరులో ఆ కాప్పా అక్షరం కాలు ఎలా తిప్పాడో, రెండింట్లోనూ అచ్చం అలాగే. ముప్ఫై ఏళ్ళుగా సంతకాలు చూస్తున్నాను, నన్ను ఏమారుస్తారా? ఎవరు పెట్టారు రెండూ?"

అప్పుడు నేనూ వంగి చూశాను. నిజమే. ఒకదాని మీద ఒకటి పెడితే తేడా కనిపించనంత ఒకలా ఉన్నాయి.

ఇద్దరూ ఫారం మీదికి వంగారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మాటలే లేనివాళ్ళు, ఒకరి సంతకం ఒకరు ఎప్పుడు చూసుంటారు? మేకు ఆ కాప్పా కాలుని వేలితో తడిమాడు. నత్త కాగితాన్ని కళ్ళ దగ్గరికి లాక్కుని చూశాడు.

మేకే చెప్పాడు. "మా తాతే, అమ్మా. ఇద్దర్నీ ఒకే మెట్టు మీద కూర్చోబెట్టి, ఒకే పలక మీద నేర్పాడు. మీ ఇద్దరి పేరూ నా పేరేరా, ఒకడు నేర్చుకుంటే ఇంకోడికీ వచ్చినట్టే అనేవాడు."

అస్పాసియా గారు రబ్బరు స్టాంపు చేతిలోకి తీసుకుని, ఎంతసేపో కొట్టకుండా అలాగే పట్టుకున్నారు. తర్వాత కొట్టారు.

ఏడు చీటీలూ ఎఫ్తాలియా పేరున రాశాను. మూడు వందల పన్నెండుకి మూడు వందల పన్నెండు. సార్ నా కాగితం మీద ఎప్పుడు సంతకం పెట్టారో గమనించనే లేదు, సాయంత్రం చూస్తే నా బల్ల మీద ఉంది.